రెండో వారంలో ఆగిపోకుండా: ఆరోగ్యాన్నీ ఆయుష్షునూ పెంచే అలవాట్లను ఇంట్లో నిలబెట్టుకోవడం ఎలా

నాకు 46 ఏళ్లప్పుడు చేయించుకున్న పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటును చూపే అంకె) 6.2 వచ్చింది. "బోర్డర్‌లో ఉన్నారు, జాగ్రత్త పడండి" అన్నారు డాక్టరు గారు. ఆ సాయంత్రమే మూడు వేలు పెట్టి బూట్లు కొన్నాను. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికే లేచి పార్కుకు వెళ్లాను. అన్నం మానేశాను, పంచదార మానేశాను, రాత్రిళ్లు రెండు పుల్కాలతో సరిపెట్టుకున్నాను. పన్నెండో రోజున వాన పడింది. పదమూడో రోజున బంధువుల పెళ్లి. ఆ తర్వాత బూట్లు స్టాండులోంచి బయటికి రాలేదు. రెండేళ్లలో ఇలా మూడుసార్లు జరిగింది.

మూడుసార్లూ నాకు పట్టుదల లేదనే అనుకున్నాను. ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. తర్వాత ఆలోచిస్తే అసలు పొరపాటు వేరే చోట కనిపించింది. ఒకేసారి ఐదు పనులు నెత్తిన వేసుకుని, ఆ బరువంతా మొదటి రోజు ఉత్సాహం మీద పెట్టాను. ఉత్సాహం ఎవరికైనా పది పన్నెండు రోజుల్లో చల్లబడుతుంది. మనవాళ్లు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు, ఆరంభశూరత్వం అని. నాలుగోసారి పద్ధతి మార్చాను. అది ఐదేళ్లుగా నిలిచి ఉంది. ఆ పద్ధతినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నలభై దాటినవాళ్లకు, షుగరూ బీపీ ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. ఇప్పటికే షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లు తిండి తగ్గించే ముందు, వ్యాయామం పెంచే ముందు డాక్టరుతో మాట్లాడండి. మందుల మోతాదు అలాగే ఉంచి అన్నం సగం చేస్తే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు పట్టడం, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు.

ఇంత చిన్న మార్పులకు అంత బలం ఉందా?

ఉంది. ఇది నమ్మకపోతే మిగతాదేదీ మనసుకు ఎక్కదు కాబట్టి కాసేపు దీని గురించే మాట్లాడుకుందాం.

1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి ఒక సంగతి బయటపెట్టాడు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో పనిచేస్తారు, జీతాలూ ఇళ్లూ తిండీ దాదాపు ఒకటే. కానీ రోజంతా కూర్చునే డ్రైవర్లలో గుండె జబ్బులు ఎక్కువ, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో తక్కువ. ఆ కండక్టర్లు ఎవరూ జిమ్‌కు వెళ్లినవాళ్లు కారు. వాళ్ల రోజువారీ పనిలోనే కదలిక ఉంది.

ఇంకో రుజువు చైనాలోని డాచింగ్ నుంచి. షుగరు వచ్చే అంచున ఉన్నవాళ్లను 1986లో తీసుకుని, వాళ్లలో కొందరికి ఆరేళ్లపాటు తిండి, నడక విషయంలో సాయం చేశారు. ముప్పై ఏళ్ల తర్వాత లెక్క చూస్తే, ఆ సాయం అందినవాళ్లకు షుగరు సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఆయుష్షు ఏడాదిన్నరకు కాస్త తక్కువగా పెరిగింది. ఏడాదిన్నర అంటే చిన్న సంగతిలా వినిపిస్తుంది. కానీ అది అందరి మీదా తీసిన సగటు. పైగా మధ్యలో తప్పిన గుండెపోట్లు, పక్షవాతాలు, పాడవకుండా నిలిచిన కళ్లు ఆ ఏడాదిన్నర లెక్కలో కనిపించవు.

మన పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో ఇలాంటి అధ్యయనమే చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలుగా వదిలేసినవాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో అది 39 శాతమే. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఇచ్చినవాళ్లలోనూ దాదాపు అంతే. అంటే మన ఒంటికి, మన తిండికి కూడా ఈ లెక్క వర్తిస్తుంది.

మొదటి అడుగు: మూడు కొలతలు

మొదలుపెట్టే ముందు ఎక్కడున్నామో తెలియాలి. నడుము, బీపీ, షుగరు. ఈ మూడు చాలు. బరువు తర్వాత చూసుకోవచ్చు.

బరువు ఎందుకు వెనక్కి నెట్టానంటే, మనవాళ్ల విషయంలో బరువు మోసం చేస్తుంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. పుణె డాక్టర్ యాజ్నిక్, లండన్ శాస్త్రవేత్త యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్నిక్‌లో 21.2 శాతం. "నేను సన్నగానే ఉన్నాగా" అని ధైర్యంగా ఉండే మన మేనమామలకూ బాబాయిలకూ షుగరు ఎందుకొస్తుందో ఆ ఒక్క ఫొటో చెబుతుంది. కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకు. ఆ పొట్టలో పేగుల చుట్టూ, కాలేయంలో చేరిన కొవ్వే అసలు ప్రమాదం.

కాబట్టి టైలర్ల దగ్గర ఉండే టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, చొక్కా పైకెత్తి, ఊపిరి మామూలుగా వదిలి కొలవండి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, చాలామంది ప్యాంటు పొట్ట కిందకి కడతారు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పని మొదలుపెట్టాలని అర్థం.

బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అంతకు ముందు అరగంటలో టీ, సిగరెట్ ఉండకూడదు. రెండుసార్లు చూడండి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటే డాక్టరును కలవాలి. షుగరుకు హెచ్‌బీఏ1సీ మంచిది. 5.7 నుంచి 6.4 దాకా అంచున ఉన్నట్టు, 6.5 గానీ అంతకు పైన గానీ ఉంటే షుగరు వచ్చినట్టు. ఖర్చు భారమనుకుంటే ఊళ్లో ఏఎన్‌ఎంనో ఆశా కార్యకర్తనో అడగండి. ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వం తరఫున బీపీ, షుగరు ఉచితంగానే చూస్తారు. హైదరాబాదులో అయితే బస్తీ దవాఖానాలు ఉన్నాయి.

మూడు అంకెలూ తారీఖుతో సహా క్యాలెండరు మీద రాయండి. ఫోన్‌లో దాచుకుంటే మళ్లీ కనబడవు.

రెండో అడుగు: ఎవరికోసం, దేనికోసం

"ఆరోగ్యంగా ఉండాలి" అన్న మాటతో ఎవరూ పొద్దున్నే లేవరు. డాక్టరు పెట్టిన భయం కూడా అంతే, వారం పది రోజులకు పాతబడుతుంది. ఒకరు నెట్టితే చేసే పనికీ, మనకే కావాలనిపించి చేసే పనికీ నిలకడలో చాలా తేడా ఉంటుంది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఈ తేడా మీదే పనిచేశారు.

అందుకని మీకు నిజంగా కావాల్సింది ఒకటి పట్టుకోండి. అది కళ్లకు కనిపించేలా ఉండాలి. మా పక్కింటి అక్కయ్య గారు 58 ఏళ్ల వయసులో అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కాలని పెట్టుకున్నారు. 3,550 మెట్లు. మోకాళ్ల నొప్పితో ఇంటి మేడ మెట్లకే ఆయాసపడే మనిషి. ఫిజియోథెరపిస్టు చెప్పిన ప్రకారం ఆ మేడ మెట్ల దగ్గరే మొదలుపెట్టి, పద్నాలుగు నెలల తర్వాత ఎక్కారు. దారి పొడవునా కూర్చుంటూ, ఏడు గంటలు పట్టిందట. నా సంగతైతే, మా నాన్నకు 61 ఏళ్ల వయసులో పక్షవాతం వచ్చింది. చివరి తొమ్మిదేళ్లు చొక్కా గుండీలు అమ్మే పెట్టేది. నేను క్యాలెండరు పైన రాసుకున్న వాక్యం: "నా గుండీలు నేనే పెట్టుకోవాలి." ఇప్పటికీ పొద్దున చొక్కా వేసుకుంటున్నప్పుడు అది గుర్తొస్తుంది.

బతకడానికి ఒక కారణం ఉండటం ఆయుష్షు మీద కూడా ప్రభావం చూపుతుందని చెప్పే ఆధారాలున్నాయి. జపాన్‌లోని ఓసాకి ప్రాంతంలో 43 వేలకు పైగా జనాన్ని ఏడేళ్లపాటు గమనించి 2008లో ఫలితాలు ప్రచురించారు. జీవితంలో ఇకిగాయ్, అంటే బతుకు మీద ఆపేక్ష కలిగించే కారణం లేదన్నవాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. ఒంట్లో బాగోలేనివాళ్లకు ఆ ఆపేక్ష తగ్గి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు, అది న్యాయమైన ప్రశ్నే. ఆ తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా సంబంధం పూర్తిగా పోలేదు.

మూడో అడుగు: ఒకే ఒక్క పని, దానికో ముడి

నా మొదటి మూడు ప్రయత్నాలకూ నాలుగోదానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. నాలుగోసారి ఒక్క పనే పెట్టుకున్నాను: రాత్రి భోజనం చేసి చెయ్యి కడుక్కోగానే చెప్పులు వేసుకుని పది నిమిషాలు నడవాలి. అంతే. అన్నం తగ్గించలేదు, ఐదింటికి లేవలేదు.

"రోజూ నడుస్తాను" అనుకుంటే పని జరగదు. ఎప్పుడు, ఏ పని తర్వాత, ఎక్కడ అని ముడి వేసుకుంటే జరుగుతుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అని ముందే అనుకున్నవాళ్లు పనులు ఎక్కువగా పూర్తిచేస్తారని చూపించాడు. చెయ్యి కడుక్కోవడం రోజూ ఎలాగూ చేస్తాం. దాన్ని మర్చిపోవడమనేది లేదు. దాని వెనకే నడక వచ్చేస్తుంది.

భోజనం తర్వాతే ఎందుకంటే, తిన్న గంటకు అటూ ఇటూగా రక్తంలో చక్కెర పైకి లేస్తుంది. ఆ సమయంలో నడిస్తే కాళ్ల కండరాలు ఆ చక్కెరను లాక్కుని వాడేసుకుంటాయి. పనిచేస్తున్న కండరానికి ఇన్సులిన్ సాయం కూడా అంతగా అక్కర్లేదు. పొద్దున ఒక్కసారి గంట నడిచి మిగతా రోజంతా కూర్చునేవాళ్లు కూడా భోజనం తర్వాత ఈ పది నిమిషాలు కలిపితే మంచిది.

మా డాబా ఈ చివరి నుంచి ఆ చివరికి 22 అడుగులు. నీళ్ల ట్యాంకు దగ్గర తిరిగి, తులసి కోట దగ్గర మళ్లీ తిరగాలి. మొదటి వారం పది నిమిషాలు చాలా పొడవనిపించింది. చెప్పులు డైనింగ్ టేబుల్ దగ్గరి గుమ్మంలోనే వదిలేవాణ్ని, వెతుక్కునే పని ఉంటే ఆ వంకతో ఆగిపోతానని తెలుసు కాబట్టి. మూడో నెల వచ్చేసరికి తిన్నాక కూర్చుంటే ఏదో మర్చిపోయినట్టు అనిపించసాగింది. అలవాటు పడిందని అప్పుడు అర్థమైంది.

21 రోజుల్లో అలవాటు పడుతుందని అంటుంటారు. ఆ మాట పట్టుకుని 22వ రోజు నిరాశపడకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు 96 మందిని గమనిస్తే, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పట్టేలా తేలింది. నాకు ఎనభై దాటాయి.

పదివేల అడుగుల గురించి కూడా చెప్పాలి. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా ఉన్నాయి. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ మేలు స్థిరపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి 150 నిమిషాలు, కాస్త వేగంగా. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగం గుర్తు.

నాలుగో అడుగు: కంచంలో అన్నం

నడక కుదురుకున్నాక, అంటే రెండు నెలల తర్వాతే, దీని జోలికి వెళ్లండి.

తెలుగు భోజనంలో అన్నం ఎందుకు ఎక్కువవుతుందో ఒకరోజు మా ఇంట్లోనే కూర్చుని గమనించాను. పప్పుతో కాస్త కలుపుకున్నాను. పప్పు అయిపోయింది, కూరకు మళ్లీ అన్నం వేశారు. చారు పోసుకోవాలి కదా, మళ్లీ ఒక హస్తం. చివర పెరుగన్నం లేకపోతే భోజనం ముగిసినట్టుండదు, ఇంకో హస్తం. ప్రతిసారీ "కొంచెమే" అనుకున్నాను. మర్నాడు ఆ నాలుగు వడ్డనలూ ముందే ఒక గిన్నెలో వేసి చూశాను. గిన్నె శిఖ కట్టినట్టు నిండిపోయింది. మన భోజనంలో ప్రతి పదార్థానికీ విడిగా అన్నం పడుతుంది, అందుకే మొత్తం ఎంతో మన కంటికి ఎప్పుడూ కనబడదు.

కాబట్టి అన్నం మానేయొద్దు. మొత్తం అన్నం ఒకేసారి వడ్డించుకోండి. దాన్నే పప్పుకింత, చారుకింత, పెరుగుకింత అని కంచంలోనే భాగాలు చేసుకోండి. గిన్నె వంటింట్లోనే ఉండాలి, బల్ల మీదకు రాకూడదు. మొదటి రెండు వారాలు ఎప్పుడూ తినేంతే వడ్డించుకోండి. మూడో వారం నుంచి ఒక గరిటె తగ్గించి, ఆ చోట కూర వేయండి. దొండకాయ, బీరకాయ, గోరుచిక్కుడు, తోటకూర, ఏదైనా సరే. వేపుడు కంటే ఇగురు మేలు, నూనె తగ్గుతుంది.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు కూడా ఇటే చూపిస్తాయి. రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని అందులో ఉంది. మన కంచంలో ఈ లెక్క చాలాసార్లు తలకిందులుగా ఉంటుంది. అరకప్పు పప్పు పెంచడం, గుడ్డో శనగలో పెసలో చేర్చడం చాలా ఇళ్లలో వెంటనే చేయగలిగిన పని. ఇడ్లీకి బదులు వారంలో మూడు రోజులు పెసరట్టు వేసుకోండి. రాగి సంకటి, జొన్నరొట్టె మంచివే, కానీ రాగి ముద్ద కదా అని రెండు పెద్ద ముద్దలు తింటే షుగరు దాన్నీ లెక్కపెడుతుంది.

తినే వరస కూడా మార్చి చూడండి. ముందు కూర, పప్పు కొంత ఉత్తిగా తిని, తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర మెల్లగా ఎక్కుతుంది. మా అమ్మకు ఇది వింతగా అనిపించింది. "ఉత్తి కూర ఎలా తింటావురా?" అంది. ఉప్పూ కారం కాస్త తగ్గించి వండితే హాయిగా తినొచ్చు.

టీ గురించి. కప్పుకు రెండు చెంచాల పంచదారతో నాలుగు టీలంటే ఎనిమిది చెంచాలు. చెంచాకు నాలుగైదు గ్రాములు వేసుకున్నా 32 నుంచి 40 గ్రాములు. రోజు మొత్తానికి 25 గ్రాములు దాటొద్దన్నది సూచన. వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి, నాలుక గమనించదు. ఒక్కరోజులో మానేస్తే ఇంట్లో అందరి మీదా చికాకు పడతాం.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. కూరలో ఉప్పు తగ్గించినా మనకు అది వేరే దారుల్లో వస్తుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడం, వడియం, చల్ల మిరపకాయ, మజ్జిగలో వేసుకునే చిటికెడు. ఆవకాయ మానమని చెప్పలేను, చెబితే ఎవరూ వినరు కూడా. ముక్క కంచంలో ఒకటే, జాడీ బల్ల మీద ఉండకూడదు, ఆ పూట అప్పడం ఉండకూడదు. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే అందరికీ ఒకే కూర వండండి. ఒకరికి చప్పిడి కూర, మిగతావాళ్లకు మామూలు కూర అంటే ఆ ఒక్కరూ నెలలోపు మానేస్తారు.

ఐదో అడుగు: కండ, నిద్ర

ముప్పై దాటాక కండ కొంచెం కొంచెంగా కరుగుతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. పెద్దవాళ్లు బాత్రూములో పడి తుంటి విరగ్గొట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. నడక ఒక్కటే దీన్ని ఆపలేదు. చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. కుక్కర్ విజిల్స్ కోసం ఎదురుచూసేటప్పుడు గోడకు చేతులు ఆనించి పదిసార్లు తోయండి. వారానికి రెండు మూడు రోజులు చాలు. మోకాళ్ల నొప్పి ఉంటే కుర్చీ ఎత్తు పెంచుకోండి.

నిద్ర ఏడు గంటలు. దీనికి పెద్ద శత్రువులు రెండు: పదింటికి తినే భోజనం, దిండు పక్కన ఫోను. ఫోను హాల్లో ఛార్జింగ్ పెట్టి, మంచం దగ్గర మామూలు అలారం గడియారం పెట్టుకోండి. నిద్ర సరిపోకపోతే మర్నాడు తీపి మీదికీ వేపుళ్ల మీదికీ మనసు పోవడం మీకూ తెలిసే ఉంటుంది. గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు పక్కనవాళ్లు చెబితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

పొగాకు విషయంలో మాత్రం చిన్న మొదలు అనేది లేదు

పైన అన్నీ మెల్లగా అన్నాను. ఇది పూర్తిగా మానాలి. రిచర్డ్ డాల్ అనే బ్రిటిష్ పరిశోధకుడి బృందం 1951 నుంచి యాభై ఏళ్లపాటు బ్రిటిష్ డాక్టర్లను గమనించి తేల్చింది ఇది: జీవితాంతం సిగరెట్ తాగినవాళ్లు సగటున పదేళ్లు ముందుగా చనిపోయారు. నలభైలో మానేస్తే అందులో తొమ్మిదేళ్లు, యాభైలో మానేస్తే ఆరేళ్లు, అరవైలో మానేసినా మూడేళ్లు తిరిగొస్తాయి. ఆయుష్షు పెంచే పనుల్లో ఇంత లాభమున్నది ఇంకోటి నాకు తెలియదు. చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ కూడా ఇందులోకే వస్తాయి. ఉత్తరాంధ్రలో పెద్దవయసు ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అంగిలి మీద పుండ్లకు, క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే తిట్టకుండా, ఒకసారి నోరు చూపించడానికి తీసుకెళ్లండి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 అనే జాతీయ ఉచిత నంబరు ఉంది.

మద్యం కూడా ఎంత తగ్గితే అంత మేలు. గుండెకు మంచిదని మొదలుపెట్టే పని అస్సలు పెట్టుకోకండి.

ఆరో అడుగు: తోడు

హార్వర్డ్‌లో 1938లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న అధ్యయనం ఒకటుంది. కుర్రవాళ్లను ముసలితనం దాకా గమనించారు. యాభైల్లో ఉన్నప్పుడు తమ బంధాలతో తృప్తిగా ఉన్నవాళ్లే ఎనభైల్లో ఆరోగ్యంగా కనిపించారు. మనుషులతో కలిసి ఉండటమే ఒక మందు అనుకోవచ్చు. అలవాటు నిలబడటానికి కూడా మనిషి తోడు కావాలి.

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. నాకు రాత్రి తొమ్మిదైతే తనకు మధ్యాహ్నం కావొస్తుంటుంది. డాబా మీద నడుస్తూ తనకి ఫోన్ చేస్తాను, తను ఆఫీసు చుట్టూ నడుస్తుంది. చలికాలంలో అయితే లోపల వరండాలోనే. నేను చేయకపోతే "ఏం అన్నయ్యా, తిన్నావా లేదా?" అని తనే చేస్తుంది. ఆ ఫోన్ లేకపోతే ఎన్ని రోజులు ఎగ్గొట్టేవాణ్నో.

తోడు దొరకడం కంటే కష్టమైనది మొహమాటం. మన ఇళ్లలో ప్రేమంతా వడ్డనలోనే చూపిస్తారు. "షుగరండీ, వద్దండీ" అంటే "ఒక్క రోజుకి ఏం కాదు" అని ఇంకో లడ్డు పడుతుంది. వద్దనకుండా ఇంకోటి అడగడం నేర్చుకున్నాను: "పిన్నీ, నీ గుత్తివంకాయ ఇంకొంచెం వెయ్యి, అన్నం చాలు." వండినవాళ్ల మనసు నొచ్చుకోదు, కంచం కూడా మన లెక్కలోనే ఉంటుంది. స్వీటైతే సగం తుంచి పక్కవాళ్లకి ఇచ్చేయొచ్చు.

తప్పిపోయిన రోజులు

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళతాం. జ్వరం వస్తుంది. ఇంట్లో చావో పెళ్లో వస్తుంది. వీటిని ముందే లెక్కలో పెట్టుకోవాలి. నా నియమం ఒకటే: ఒకరోజు తప్పొచ్చు, వరసగా రెండు రోజులు తప్పకూడదు. లాలీ పరిశీలనలో కూడా ఒక్కరోజు తప్పినందువల్ల అలవాటు పడటం దెబ్బతినలేదు. జ్వరం వచ్చినప్పుడు మాత్రం ఈ నియమం పక్కన పెట్టి పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. తగ్గిన మర్నాడే, మూడు నిమిషాలైనా సరే, చెప్పులు వేసుకోండి. వానాకాలంలో డాబా బదులు హాల్లో సోఫా చుట్టూ తిరగండి.

పెళ్లి భోజనంలో గట్టిగా తిన్నాక "ఎలాగూ పాడైంది, సోమవారం నుంచి చూద్దాం" అనే మాట వస్తుంది. నా మొదటి మూడు ప్రయత్నాలూ ఆగింది ఆ సోమవారం దగ్గరే. ఆ రాత్రే చెప్పులు వేసుకోండి.

మూడు నెలలకు మళ్లీ కొలత

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. హెచ్‌బీఏ1సీ దాని మీద పేరుకున్న చక్కెరను చూపుతుంది కాబట్టి మూడు నెలలకు ముందు మళ్లీ చేయిస్తే డబ్బు దండగ. నడుము మాత్రం నెలకోసారి కొలవండి, పొద్దున పరగడుపునే, అదే చోట. రెండు సెంటీమీటర్లు తగ్గడం మొదటి మూడు నెలలకు మంచి ఫలితమే. బరువు కదలకపోయినా నడుము తగ్గుతుంటే దారి సరైందే.

అంకెలు మారలేదనుకోండి. ముందు, నడిచిన రోజున క్యాలెండరు మీద పెట్టుకున్న టిక్కులు లెక్కపెట్టండి. తొంభై రోజుల్లో డెబ్బై ఉన్నాయా? లేకపోతే పని ఇంకా చిన్నది చేయాలి, లేదా ముడి వేరే చోట వేయాలి. రాత్రిళ్లు డ్యూటీ ఉన్నవాళ్లకు మధ్యాహ్న భోజనమే సరైన చోటు. టిక్కులు ఉండి అంకె మారకపోతే అప్పుడు తర్వాతి అడుగు కలపండి, డాక్టరుతోనూ మాట్లాడండి. కొందరికి మందు అవసరమే, అందులో ఓడిపోయిందేమీ లేదు. బీపీ అంకె బాగుందని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, అది బాగున్నది మాత్ర వల్ల కూడా కావచ్చు. నడిచేటప్పుడు ఛాతీ బిగుసుకున్నట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, అక్కడే ఆగి 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకోవద్దు.

నా 6.2 మొదటి మూడు నెలల్లో 6.1 అయింది, అంతే. అన్నం లెక్క మార్చాక, ఏడాది తిరిగేసరికి 5.8. గత మార్చిలో 5.7. నడుము 97 నుంచి 91కి వచ్చింది, ఇంకో సెంటీమీటరు మిగిలి ఉంది. ఈ నెల నుంచి కుర్చీలోంచి లేవడం పది నుంచి పదిహేనుకు పెంచాను. దాన్ని పొద్దున పాలు పొంగే సమయానికి ముడి వేశాను.